సమస్యాపూరణం: “రాని బస్సె మేలు రామచంద్ర!”

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చేది ఆటవెలది నాలుగో పాదం.

*రాని బస్సె మేలు రామచంద్ర!*

స్టాపులో ముప్పావుగంట నిలబెట్టి, ఒకే నంబరు బస్సులు మూడు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వచ్చిన రోజున పుట్టిన పాదమిది. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే దారిలో జనం పోగవుతారు. వాళ్లను ఎక్కించుకునేసరికి ఇంకా ఆలస్యం. వెనకది ఖాళీగా దూసుకొచ్చి దాన్ని అంటుకుంటుంది. సరే, రానిది మేలెలా అవుతుందో మీరే చెప్పండి. మనలో సగంమంది సాఫ్ట్‌వేర్ వాళ్లే కనక ఓపెన్‌సోర్స్ లైబ్రరీల (ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో ఉచితంగా వాడుకునే కోడు మూటల) గోడు కలిపితే సంతోషం. గణం, యతి తప్పితే మాత్రం ఊరుకోను.

పాదచారి:

స్టాపు దాటి పోయి ఆగును దూరాన
పరుగు తీసి చేర బయలుదేరు
ముందు మెట్టు జారి మోకాలు పగిలెను
రాని బస్సె మేలు రామచంద్ర!

నిర్వాహకుడు: రెండో పాదం నా అనుభవమే. మొదటి పాదంలో “స్టా”కు “ఆ”తో యతి ఎక్కడ కుదిరింది తమ్ముడూ? పైగా “పోయి ఆగును” విసంధి, రెండు అచ్చులు కలవకుండా మిగిలాయి. “స్టాపు దాటి పోయి చల్లగా నిలుచును” అను, స-చ యతి సరిపోతుంది. అయితే బస్సు చెడ్డది కాబట్టి రాకపోవడమే నయం అనడం తిన్నని దారి. సమస్యకు మలుపు కావాలి. అన్నట్టు మోకాలికి పసుపు రాశావా?

ప్యాచులయ్య: మాస్టారూ, తేదీలను సరిచూసే చిన్న లైబ్రరీ ఒకటి తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. జీతమిచ్చే ఉద్యోగం వేరు. ఇంటికెళ్తే పాప హోంవర్కు. ఇక మిగిలింది స్టాపే. “పనిచేయట్లేదు, అర్జెంట్” అని రాసి ఏ వెర్షనో చెప్పనివాళ్లకు అక్కడి నుంచే జవాబిస్తాను, ప్యాచులు (కోడుకు సవరణలు) చూస్తాను.

ఇంట తీరదాయె, యిచట నిలిచినంత
ప్యాచులైదు చూసి పంపినాను
ఎక్కి వేలబడిన నేచేత టైపింతు?
రాని బస్సె మేలు రామచంద్ర!

సందేహి: మూడో పాదంలో “ఎ”కు “నే” యతి ఎలా చెల్లుతుంది?

నిర్వాహకుడు: వేలబడినన్ + ఏచేత. ఆ నకారం ద్రుతానిది, యతి అచ్చుకే. ఒప్పు. “టైపింతు” అనే క్రియను వ్యాకరణం క్షమిస్తుందో లేదో గానీ నేను క్షమించేశాను. ఇదీ మలుపంటే: బస్సును తిట్టకుండానే సమస్య తీరింది.

పాత వెర్షను:

కొత్త వెర్షనందు గుట్టుగా చొరబడె
దొంగ, కొత్తదింక దొరకకున్న
పాత వెర్షనున్న బాపతే బతికెను
రాని బస్సె మేలు రామచంద్ర!

ఇది ఎక్స్‌జెడ్ కథ, ఫైళ్లను కుదించే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ అది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరాన ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వితే 2024 మార్చి 29న బయటపడింది. డెబియన్ లినక్స్‌లో నిలకడైన విడుదల అయిన స్టేబుల్‌కు ఆ వెర్షన్లు ఇంకా చేరలేదు. అదే కాపాడింది.

నిర్వాహకుడు: బస్సును వెర్షను చేశారు, భేష్. నాలుగు పాదాల్లో “కొత్త”, “వెర్షను” రెండేసిసార్లు పడ్డాయి, పునరుక్తి. ఇంకో మాట. ఎక్స్‌జెడ్‌ను మొదటినుంచీ చూసుకుంటున్న మనిషి 2022లోనే ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని చెప్పుకున్నాడు. అతడి అలసటే ఆ దొంగకు వాకిలి అయింది. పద్యంలో దొంగ ఉన్నాడు, అలసినవాడు లేడు.

అక్కయ్య: అలసినవాణ్ణి నేను తెస్తాను.

ఒక్కడతడె సుమ్మి యూరంత వాడెడి
కోడుకంత కాపు, కూలి లేదు
గుద్దెనేని వాని, కోడును పడకేయు
రాని బస్సె మేలు రామచంద్ర!

సందేహి: గుద్దేది ఏమిటక్కా?

అక్కయ్య: బస్సే నాయనా. ఎంతమంది బస్సు కింద పడితే ప్రాజెక్టు ఆగిపోతుందో ఆ లెక్కను మావాళ్లు “బస్ ఫ్యాక్టర్” అంటారు. చాలా లైబ్రరీలకు అది ఒకటి. అలాంటప్పుడు ఆ బస్సు రాకపోవడమే కదా మేలు!

నిర్వాహకుడు: బస్సును బస్సుగానే ఉంచి అర్థం తిప్పేశారు. నేను పాదం ఇచ్చినప్పుడు ఇది తోచలేదు. “గుద్దెనేని” కర్త నాలుగో పాదం దాకా దాగి ఉండటం సందేహికి ఇబ్బంది, నాకు ఇష్టం. బస్సు గుద్దడం దాకా ఎందుకు, మనిషి అలిగినా చాలు: 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే చిన్న లైబ్రరీ కర్త పేచీ వచ్చి 11 లైన్ల ఆ ప్యాకేజీని ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి తీసేస్తే, దాన్ని వాడుకునే ప్రోగ్రాముల బిల్డులు (తయారీ) ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఈ వారం తాంబూలం అక్కయ్యకే. ప్యాచులయ్యా, అభ్యంతరమా?

ప్యాచులయ్య: లేదు మాస్టారూ అక్క పద్యంలోవాణ్ణి నేనే కామాలు లేవని ఏమనుకోకండి ఒంటిచేత్తో రాస్తున్నా బస్సు వచ్చేసింది ఆరో ప్యాచ్ రేపు