వన్‌టౌన్‌లో పాత మేడ: సున్నపు కప్పును బాగుచేయించాలా, శ్లాబు వేయించాలా?

ప్రశ్న – వన్‌టౌన్ నివాసి

విజయవాడ వన్‌టౌన్‌లో, ఇరువైపులా పొరుగిళ్లతో ఉమ్మడి గోడలున్న మా తాతగారి మేడను బాగుచేయించి, వయసు మీరిన అమ్మానాన్నలతో అక్కడే ఉండాలనుకుంటున్నాము. గోడలు ఇటుకతో, సున్నంతో కట్టినవి. పైకప్పు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకలను అంచు మీద నిలిపి పేర్చి, ఆపైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టినది. వానాకాలంలో వంటగది మూల కారుతున్నది. గోడల అడుగున తరువాతి కాలంలో పూసిన సిమెంటు పెచ్చులుగా ఊడుతున్నది. ఒక మేస్త్రి కప్పంతా తీసి శ్లాబు వేయమంటున్నారు, మరొకరు పైన రెండంగుళాల కాంక్రీటు పోస్తే చాలంటున్నారు. మేడ మీద స్నానాలగది, వెయ్యి లీటర్ల ట్యాంకు, కింది గదులకు ఏసీలు కావాలి. దేనితో మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

సమాధానం – సివిల్ ఇంజనీరు

రెండంగుళాల కాంక్రీటు మాత్రం పోయించకండి. దానివల్ల ప్రతి చదరపు మీటరుకు దాదాపు 120 కిలోల బరువు ఆ దూలాల మీద అదనంగా పడుతుంది. పైగా ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించే ఆ బిగుసైన పొర త్వరలోనే పగులుతుంది, పగుళ్లలో దిగిన నీరు ఆరే దారిలేక టేకును తినేస్తుంది.

ముందుగా చూడవలసినవి గోడలో కూర్చున్న దూలాల చివరలు. నడిమి భాగం ఇనుములా ఉన్నా, గోడ చెమ్మ తగిలే చివరలే మొదట చివుకుతాయి, చెదలు కూడా అక్కడినుంచే పైకి పాకుతాయి. సుత్తితో తట్టి డొల్ల శబ్దం వినండి, సన్నని ఉలితో గుచ్చి చూడండి. చివర ఒక్కటే పాడైతే కింద ఆధారాలు నిలబెట్టి, ఆ మేరకు కోసి, కొత్త టేకును ఇనుప పట్టీలతో అతికించవచ్చు, దూలమంతా మార్చనక్కరలేదు. ఇక కారడం విషయానికొస్తే, చాలా ఇళ్లలో తప్పు కప్పుది కాదు, పిట్టగోడ మొదలుది లేదా పూడిపోయిన తూముది. ఒక తూము శుభ్రం చేస్తే ఆగిపోయే కారుడుకు కప్పు మొత్తం కూల్చడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

సమాధానం – పాత గుంటూరు నివాసి

మా ఇంటి పని చేయించిన అనుభవంతో గోడల గురించి చెబుతాను. నేలలోని చెమ్మ ఇటుకలోకి ఎక్కడం సహజమే. సున్నపు పూత దానిని బయటకు ఆరనిస్తుంది, సిమెంటు పూత మూసివేస్తుంది. అందువల్ల చెమ్మతో వచ్చిన ఉప్పు ఆ పూత వెనుకనే పేరుకుని పెచ్చులు లేపుతుంది. ఆ సిమెంటును జాగ్రత్తగా చెక్కించి, గోడను ఆరనిచ్చి, గానుగ సున్నంతోనే మళ్లీ పూయించండి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీటితో సున్నం కలిపే మేస్త్రి దొరకడం కష్టమే, కానీ ఆలయాల జీర్ణోద్ధరణ పనులు చేసేవారిని వాకబు చేయండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది కనుక, పూసిన వెంటనే ప్లాస్టిక్ రంగు వేయించవద్దు. మా వైపు నల్లరేగడి నేల కాబట్టి పునాది దగ్గర పైపు లీకైతే నేల ఉబ్బి గోడలు చీలుతాయి. మీరు కూడా పాత కాలువలను ఒకసారి పరీక్షింపజేయండి.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్నానాలగది, ట్యాంకు, కరెంటు సంగతి కూడా చెప్పగలరా?

సమాధానం – సివిల్ ఇంజనీరు

నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక టన్నుకు పైగా బరువు ఉంటుంది. దానిని కప్పు మీద కాక, పెరట్లో సొంత పునాదులున్న ఇనుప స్టాండు మీద పెట్టించండి. స్నానాలగదిని కూడా కింద, పెరటి వైపు కట్టించండి; పెద్దలకు మెట్లెక్కే శ్రమ తప్పుతుంది, దూలాల మీద నిత్యం నీరు నిలవదు. వైర్ల కోసం ఉమ్మడి గోడలో గాడులు కొట్టించక, గోడ పైననే పైపులు బిగించి, మంచి ఎర్తింగుతో పాటు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి. ఏసీల నీటిని గోడ వెంట వదలక పైపుతో కాలువలోకి పంపండి. దూలాల చివరలు విప్పే ముందు పొరుగువారితో తప్పక మాట్లాడండి, ఎందుకంటే అదే గోడ మీద వారి దూలాలు కూడా ఆని ఉండవచ్చు.