సిమ్యులేషన్‌లో తగలని క్లాంపు మెషీన్‌పై ఎందుకు తగిలింది?

ప్రశ్న (ఆటోనగర్, విజయవాడ):
మా షెడ్డులో ఫానక్ కంట్రోలర్ (మెషీన్‌ను నడిపే కంప్యూటరు) ఉన్న వీఎంసీ (నిలువు మిల్లింగ్ మెషీన్) నడుపుతున్నాను. ఒక ప్లేటుకు రంధ్రాలు వేసే ప్రోగ్రామును, ప్లేటును బిగించి పట్టుకునే క్లాంపులతో సహా, క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో (మెషీన్ ప్రోగ్రామును తయారుచేసేది) సిమ్యులేషన్ చేసి, ఎక్కడా ఢీ చూపకపోవడంతో మెషీన్‌కు ఎక్కించాను. అయినా మూడో రంధ్రం నుంచి నాలుగో దానికి వెళ్ళేటప్పుడు డ్రిల్లు క్లాంపు తలకు తగిలి విరిగిపోయింది. ఆ రెండింటి మధ్య ఎక్స్‌లో 200, వైలో 50 మిల్లీమీటర్ల దూరం ఉంది. వాటిని కలిపే గీతకు క్లాంపు బాగా ఎడంగానే ఉంది. లోపం ఎక్కడుందో దయచేసి తెలుపగలరు.

జవాబు 1 (గుంటూరు):
మీరు జీ99 (రంధ్రం వేశాక డ్రిల్లును ఆర్ ఎత్తుకే, అంటే ప్లేటుకు కాస్త పైకే లేపే కోడ్) వాడి ఉంటారు. అందువల్ల డ్రిల్లు ఆర్ ఎత్తు వరకే లేచి, క్లాంపు తల కంటే కిందుగానే పక్కకు కదిలింది. అసలు విషయం ఆ కదలికలోనే ఉంది. ర్యాపిడ్‌లో (కోయకుండా వేగంగా కదిలేటప్పుడు) టూల్ తిన్నగా వెళ్తుందని చాలా సిమ్యులేషన్లు అనుకుంటాయి, కానీ చాలా మెషీన్లలో ప్రతి యాక్సిస్ తన పూర్తి వేగంతో విడిగా పరుగెత్తుతుంది. రెండింటి వేగమూ సమానమైతే, మొదట రెండూ కలిసి 50 మిల్లీమీటర్లు ఐమూలగా వెళ్తాయి, అక్కడ వై ఆగిపోతుంది, మిగిలిన 150 ఎక్స్ ఒక్కటే నడుస్తుంది. మీ క్లాంపు ఆ వంపు దారిలో ఉందేమో కొలిచి చూడండి. ఫానక్‌లో 1401వ పారామీటరులోని (కంట్రోలర్ సెట్టింగు) ఎల్‌ఆర్‌పీ బిట్ 0 అయితే ఇలా వంపుగా, 1 అయితే తిన్నగా వెళ్తుంది.

జవాబు 2 (విజయవాడ):
పై జవాబు సరైనదే. క్యామ్‌లో చూసేది చాలావరకు టూల్ దారిని మాత్రమే, ఆ దారిని మెషీన్ భాషలోకి మార్చే పోస్ట్ ప్రాసెసర్ రాసిన జీ కోడ్‌ను కాదు. కాబట్టి చివరి కోడ్‌నే మరోసారి పరీక్షించాలని నా గట్టి అభిప్రాయం. సీమెన్స్ వారి సినుట్రెయిన్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో వారి కంట్రోలర్ సాఫ్ట్‌వేరే కంప్యూటరుపై నడుస్తుంది కనుక నమ్మకం ఎక్కువ. మీ మెషీన్‌పై అయితే, జెడ్ (పైకీ కిందికీ కదిలే యాక్సిస్) లిమిట్ తగలనంత మేరకు, ఎక్స్‌టర్నల్ ఆఫ్‌సెట్‌లో (ప్రోగ్రాము కొలతలన్నిటినీ ఒకేసారి జరిపే సెట్టింగు) జెడ్‌ను 100 మిల్లీమీటర్లు పెంచి, ర్యాపిడ్ 25 శాతానికి తగ్గించి, ప్రోగ్రామంతా గాలిలో నడపండి. డ్రిల్లు క్లాంపు నెత్తిమీదుగా వెళ్తే కంటికే కనబడుతుంది. ఆ తరువాత ఆఫ్‌సెట్‌ను తప్పక సున్నా చేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బిట్ 0గానే ఉంది, క్లాంపు సరిగ్గా ఆ వంపు దారిలోనే ఉంది. పారామీటరును ముట్టుకోకుండా, క్లాంపు దాటే చోట జీ98 (డ్రిల్లును మొదలైన ఎత్తు వరకూ లేపే కోడ్) పెట్టి గాలిలో నడిపాను. ఈసారి డ్రిల్లు క్లాంపు తల కంటే ఎత్తుకు లేచి అవతలికి దాటింది.