అప్‌డేట్: లావెండర్ సెంట్ ఏదో తేల్చుకున్నాను

పోయిన నెల అడిగాను గుర్తుందా, ఆఫీసుకు రోజూ కొట్టుకోవడానికి యార్డ్లీ ఇంగ్లిష్ లావెండర్, గెర్లాన్ జికీ, కారన్ పూర్ ఉన్ ఓమ్, ఈ మూడింట్లో ఏది మంచిదని. కాగితం మీద కాదు, చేతిమీద చూడమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్. అలాగే చేశాను, రోజుకొకటి చొప్పున.

యార్డ్లీ కొట్టుకోగానే అమ్మమ్మ పౌడరు డబ్బా గుర్తొచ్చింది. చల్లగా, శుభ్రంగా ఉంది. కానీ మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ఆనవాలు లేదు. లావెండర్ నూనె త్వరగా ఆవిరైపోతుంది, కింద పట్టి ఉంచే బరువైన వాసన ఏదైనా ఉండాలి. 1889 నాటి జికీలో కూమరిన్, వెనిలిన్ అనే తియ్యటి వాసన పదార్థాలు చేసేది ఆ పనే. గొప్పగా ఉంది గానీ ఆఫీసుకు బరువనిపించింది.

1934లో వచ్చిన కారన్ మొదటి పది నిమిషాలు ఘాటుగా, కాస్త కర్పూరంలా ఉంటుంది. తర్వాత మెల్లగా వెనిలా పైకొస్తుంది. సాయంత్రం బస్సులో చొక్కా చెయ్యి మడతపెడుతుంటే మళ్లీ తగిలింది, వెచ్చటి పాలకోవా పక్కన లావెండర్ రెమ్మ పెట్టినట్టు. అక్కడే తేలిపోయింది.

చిన్న సీసా కొన్నాను. మెడకొకటి, మణికట్టుకొకటి కొడుతున్నాను. మన ఎండలకు రెండు చాలు.