అమ్నీషియా: ది బంకర్ – భయమా, పెట్రోలు లెక్కలా?

చీకటిరాజు:
ఫ్రిక్షనల్ గేమ్స్ వాళ్లు 2010లో ఈ అమ్నీషియా హారర్ వీడియో గేముల్లో మొదటిదైన డార్క్ డిసెంట్ ఇచ్చినప్పుడు మన చేతిలో ఆయుధమే లేదు. దాక్కోవాలి, లేదంటే పరిగెత్తాలి. 2023లో బంకర్‌కి వచ్చేసరికి రివాల్వర్, షాట్‌గన్, గ్రెనేడ్లు, పైగా లైట్లు వెలిగించే జనరేటర్‌కి పెట్రోలు పోసే డ్యూటీ. కథ చూస్తే 1916, మొదటి ప్రపంచ యుద్ధం. ఆన్రీ అనే ఫ్రెంచ్ సైనికుడు బంకర్‌లో ఇరుక్కుపోయాడు, ఆఫీసర్లు బయటి దారి పేల్చేసి పోయారు, లోపల ఒక మృగం. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని మన చేత చేయించేది స్టోర్‌కీపర్ పని. దీన్ని సైకలాజికల్ హారర్ అంటే నాకు మింగుడుపడట్లేదు.

గోదారి గేమర్:
తుపాకీ ఉంటే భయం ఉండదు. కథ కంచికి.

ఆరుతూటాలు:
తుపాకీ ఉందన్నమాటే గానీ అది చేసేదేంటో చూడండి రాజు గారూ. సిలిండర్ పక్కకి తెరవాలి, తూటాలు ఒక్కొక్కటిగా పెట్టాలి, మళ్లీ మూయాలి. ఎన్ని మిగిలాయో స్క్రీన్ మీద అంకె కనపడదు, తెరిచి చూసుకోవాల్సిందే. కాల్చినా మృగం చావదు, కాసేపు గోడల్లోని కంతల్లోకి పోతుంది, మళ్లీ వస్తుంది. అదే తూటాతో తాళంకప్ప కూడా పగులుతుంది. అంటే తలుపు కోసం వాడావా, ప్రాణం కోసం దాచావా అన్నది ప్రతిసారీ తేల్చుకోవాలి. పైగా కాల్పు చప్పుడే దాన్ని పిలుస్తుంది. ధైర్యం రావడానికి ఇచ్చిన తుపాకీ కాదిది.

చీకటిరాజు:
తాళంకప్పకి తూటా ఎవరు తగలేస్తారండీ? చెక్క తలుపైతే ఇటుకతో కొట్టొచ్చు, పేలే డ్రమ్ము దొర్లించుకొచ్చి పేల్చొచ్చు. అసలు నా గొడవ తుపాకీతో కాదు, జనరేటర్‌తో. ఆఫీసు బ్లాకులో డబ్బా ఒంపడం, జేబు గడియారంలో టైము చూసుకోవడం, ఒక సెక్షన్‌కి వెళ్లడం, లైట్లు పోయేలోపు పరిగెత్తుకు రావడం. కొంతసేపటికి మృగం గుర్తుండదు, ముల్లే గుర్తుంటుంది.

నిద్రపట్టనోడు:
ముల్లే భయం అన్నా 😅

ఆరుతూటాలు:
డబ్బా దొరకగానే తీసుకెళ్లి ఒంపేస్తే అలాగే ఉంటుంది. కనీసం ఒకటి సేఫ్ రూమ్ పెట్టెలో దాచుకోవాలి. ముందు ఏ సెక్షన్‌కి పోవాలో మ్యాప్ దగ్గర తేల్చుకుని అప్పుడు పోయాలి. జనరేటర్ నడుస్తుండగా పెట్టెల ముందు నిలబడి సామాన్లు సర్దుకోవడం పెద్ద తప్పు. సర్దుడు ముందు, పెట్రోలు తర్వాత. మిగిలిన పెట్రోలు నేల మీద పోసి అంటించినా మృగాన్ని కాసేపు ఆపొచ్చు. శవాల మీద చేరిన ఎలుకలకి కాగడా చాలు, కర్రకి గుడ్డ చుడితే తయారు.

చీకటిరాజు:
చూశారా, మీరే రేషన్ డీలర్‌లా మాట్లాడుతున్నారు! నేను చెప్పేదీ అదే.

గోదారి గేమర్:
లైట్లు లేకుండానే ఆడొచ్చు కదా, టార్చి ఉందిగా.

ఆరుతూటాలు:
ఆ టార్చి డైనమోది. తాడు లాగితే గర్రుమని మోగుతుంది, మృగానికి వినపడుతుంది. నడుస్తూ లాగకూడదు. ఏదో గదిలోకి దూరి, తలుపేసుకుని, లాగి, కాసేపు ఆగి చెవి రిక్కించి, అప్పుడు కదలాలి. చీకటైతే మృగం బయట తిరగడమూ ఎక్కువే.

గోదారి గేమర్:
తలుపేసుకుంటే వినపడదా మరి?

ఆరుతూటాలు:
వినపడదని ఎవరన్నారు? చెక్క తలుపుని అది బద్దలు కొడుతుంది. వచ్చేలోపు నీకు నాలుగు క్షణాలు దక్కుతాయి, అంతే.

గోదారి గేమర్:
మరి తలుపెందుకు వేయడం?

ఆరుతూటాలు:
ఆ నాలుగు క్షణాల కోసమే బాబూ! ఎన్నిసార్లు చెప్పాలి?

చీకటిరాజు:
టార్చి గోల పక్కన పెట్టండి. ఇందులో సైకాలజీ ఎక్కడుందో ఎవరూ చెప్పట్లేదు. చీకట్లో జంతువు తరిమితే భయం పుడుతుంది, దానికి యుద్ధమెందుకు? మైనులో పెట్టినా, ఓడలో పెట్టినా ఇదే ఆట. యుద్ధం ఇక్కడ గోడకి అంటించిన పోస్టర్.

ఆరుతూటాలు:
గురూ, నువ్వు ఆటలో దొరికే నోట్లు, అదే ఆ ఉత్తరాలూ కాగితాలూ, చదవకుండా ఆడావు. ఇక దాపరికం ఎందుకు.

చీకటిరాజు:
చదవనిస్తే కదా! గడియారం చూసుకుంటూ ఎవడు ఉత్తరాలు చదువుతాడు? తీయడం, జేబులో కుక్కడం, పరుగు. చదవమని కాగితాలిచ్చిందీ వాళ్లే, చదవనీయకుండా తరిమిందీ వాళ్లే. మీ ముచ్చటైన జనరేటర్ కథనే తినేసింది. ఇది ఆడేవాడి తప్పా, చేసినవాడి తప్పా?

నిద్రపట్టనోడు:
ఇదీ అసలు పాయింటు. ఇంత ఆలస్యంగానా చెప్పేది.

ఆరుతూటాలు:
నోట్లు ఎక్కడికీ పోవు, వెనక్కొచ్చి సేఫ్ రూమ్‌లో చదువుకోవచ్చు. (పూర్తి చేయనివాళ్లు కింది రెండు ముక్కలు వదిలేయండి, కథ బయటపడుతుంది.) ఆన్రీ దొంగ పాచికతో పందెం గెలిచి, తన బదులు స్నేహితుడు లాంబెర్‌ని గస్తీకి పంపాడు. తర్వాత వెతుక్కుంటూ పోయి, గుంతలో పడి ఉన్నవాడికి అక్కడి నీళ్లే తాగించాడు. ఆ లాంబెరే ఈ మృగం. నువ్వు తూటా కాల్చేది వాడి మీద. ఇప్పుడు చెప్పు, ఇది మైనులో జరుగుతుందా? సైన్యంలో కాబట్టే గస్తీ ఉంది, పందెం ఉంది, తన చావుని ఇంకొకడి నెత్తిన పెట్టే వీలుంది.

చీకటిరాజు:
ఆ పాచిక నిజంగా మంచి ఊహ. ఒప్పుకుంటా. కానీ అది కాగితాల్లో ఉంది, ఆటలో లేదు. చేత్తో చేసేది ఏంటి? చచ్చిపోయిన సైనికుడి మెడ బిళ్ల తీస్తాం. ఒకవైపు పేరు. తిప్పితే వెనకాల లాకర్ నంబరు. ఆ నంబరు ఆట ఆటకీ మారుతుంది కాబట్టి గైడులో దొరకదు, తిప్పి చూడాల్సిందే. బాగుంది. కానీ ఎవరైనా పేరు వైపు చూస్తారా? ఆ మనిషి అక్కడ తాళంచెవి, అంతే. యుద్ధం మీద గేమ్ తీసి శవాన్ని తాళంచెవి చేశారు.

పాతకన్సోల్:
ఇన్నాళ్లకి మాట్లాడాల్సింది వచ్చింది. రాజు గారు తిట్టినదే నాకు ఇందులో యుద్ధంలా అనిపించేది. 1916లోనే ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర ఫోర్ట్ వో అనే కోట తీసుకోండి. సొరంగాల్లాంటి కారిడార్లలో ఫ్రెంచ్, జర్మన్ సైనికులు అడ్డుగోడలు కట్టుకుని చీకట్లో కొట్టుకున్నారు. చివరికి ఆ కోటని కాచిన ఫ్రెంచ్ మేజర్ రేనాల్ జూన్ 7న లొంగిపోయింది నీళ్లు అయిపోయి. అదే ఏడు మే 8న జర్మన్ల చేతిలో ఉన్న పక్క కోట ఫోర్ట్ డూమాన్ లోపల మందుగుండు అంటుకుని వందలమంది జర్మన్ సైనికులు పోయారు. కాంక్రీటు కింద బతికినవాళ్లకి రోజంతా పని ఇదే: నీళ్లెన్ని, దీపానికి నూనె ఎంత, తూటాలెన్ని. స్టోర్‌కీపర్ పనే. పక్కన పడి ఉన్నవాడి జేబులు వెతకడం కూడా అందులోదే.

చీకటిరాజు:
నిజం కావొచ్చు. నిజమైనంత మాత్రాన భయం వేస్తుందా? రేనాల్ మనుషులకి దాహం వేసింది. నాకు విసుగొచ్చింది. రెండూ ఒకటి కాదు.

పాతకన్సోల్:
అది మాత్రం కాదనను. అలాంటప్పుడు కస్టమ్ మోడ్‌లో ఆడండి, 2023 అక్టోబరు అప్‌డేట్‌లో ఇచ్చారు. సెట్టింగులు మీకు నచ్చినట్టు తగ్గించుకోవచ్చు.

ఆరుతూటాలు:
తగ్గించి ఆడితే బంకర్ ఎందుకు, యూట్యూబులో చూసుకోవచ్చు.

చీకటిరాజు:
ఇదిగో, ఇదే మీతో వచ్చిన చిక్కు. నాకు కథ కావాలి, మీకు పరీక్ష కావాలి. మొదట్నుంచీ ఈ ముక్క చెప్పకుండా తూటాల లెక్కలు చెప్పారు.

ఆరుతూటాలు:
పరీక్షే కథ అంటున్నాను నేను. పాచిక మోసం చేసినవాడికి సుఖంగా కూర్చుని ఉత్తరాలు చదువుకునే తీరిక ఉండకూడదు.

గోదారి గేమర్:
తలుపు సంగతి ఇంకా తేలలేదు. ఇనుప తలుపైతే విరుగుతుందా?