‘వీక్ స్పార్క్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: పాత కార్ల ఇగ్నిషన్ రిపేరు గురించి తెలుగులో రాస్తున్నాను, ‘వీక్ స్పార్క్’ దగ్గర ఆగిపోయాను. ‘బలహీనమైన నిప్పురవ్వ’ అని రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది, రవ్వ జ్వరం నుంచి లేచినట్టుంది. ‘విస్ఫులింగం’ మాత్రం వద్దండీ బాబూ. ఇంకేమైనా ఉందా?

జవాబు: ముందు ‘రవ్వ’ దగ్గరే నాకు పేచీ. రవ్వంటే మండుతూ ఎగిరిపడే నలుసు, కొలిమిలోనో కాకరపువ్వొత్తి నుంచో రాలేది. స్పార్క్ ప్లగ్గులో రాలిపడేదేమీ లేదు, దాని రెండు కొసల మధ్య సందు దాటి కరెంటు దూకుతుంది, అది బుల్లి మెరుపు. అందుకని స్పార్క్‌ని స్పార్క్‌గానే ఉంచి ‘వీక్’ సంగతి చూడండి. నేనైతే ‘పలచగా ఉంది’ అంటాను. ప్లగ్గు ఊడదీసి, లీడు (దానికి కరెంటు తెచ్చే వైరు) తగిలించి, ప్లగ్గు లోహపు ఒంటిని ఇంజనుకి ఆనించి (చేత్తో పట్టుకోకండి, దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు) సెల్ఫు కొట్టించి చూస్తే తెలుస్తుంది. బాగుంటే నీలితెలుపులో దిట్టంగా, టక్కుటక్కుమని కొడుతుంది. లేకపోతే ఎర్రగా, దారప్పోగులా, చప్పుడు లేకుండా ఉంటుంది. దిట్టానికి ఎదురుమాట పలచనే కదా.

ఇంకో జవాబు: పలచన బాగుంది కానీ రంగుని మరీ నమ్మకండి. బయట గాలిలో దూకడం తేలిక, సిలిండర్‌లో ఒత్తిడి మధ్య దూకాలంటే ఇంకా ఎక్కువ ఓల్టేజి కావాలి. 6 మిల్లీమీటర్ల సందున్న టెస్టర్ పెట్టి ‘దూకుతోందా, దూకట్లేదా’ అని చూడటం నయం. అసలు ఎక్కడ పలచబడిందో చెప్పే మాటలు కూడా కావాలి మీకు. కాయిల్ (బ్యాటరీ ఓల్టేజిని బాగా పెంచేది) నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (ఆ కరెంటుని ఒక్కో ప్లగ్గుకి పంచేది) వచ్చే మధ్య లీడు దగ్గర దిట్టంగా ఉండి ప్లగ్గు దగ్గర పలచనైతే దారిలో ‘కారిపోతోంది’: డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (మూత), రోటర్ (దాని లోపల తిరిగేది), లీడ్లు చూడాలి. క్యాప్ లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే దొంగ దొరికినట్టే. కాయిల్ దగ్గరే పలచనైతే పాయింట్లు (కాయిల్‌కి వెళ్లే కరెంటుని కలిపి విడదీసే స్విచ్), కండెన్సర్ (పాయింట్ల మధ్య స్పార్క్ కొట్టకుండా చూసేది), కాయిల్‌కి అందే ఓల్టేజి, ఆ తర్వాతే కాయిల్. నేను ఈ వరస తిరగేసి రెండు కాయిళ్లు మార్చాను, చివరికి పోయింది కండెన్సర్!

ప్రశ్న వేసినవారు: ‘కారిపోతోంది’ తీసేసుకున్నాను. ఇప్పటికి ఇలా రాశాను, చూడండి: ‘పాయింట్లు కలిసినప్పుడు స్పార్క్ వస్తుంది.’

మొదటి జవాబిచ్చినవారు: ఇది మాట తప్పు కాదు, విషయమే తప్పు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌లో అయస్కాంతక్షేత్రం నిండుతుంది, విడిపోగానే అది ఒక్కసారిగా కూలుతుంది, ప్లగ్గులో స్పార్క్ అప్పుడే. అంటే కరెంటు ‘తెగాలి’. కండెన్సర్ పోతే ఆ తెగడం శుభ్రంగా జరగదు, పాయింట్ల మధ్యే స్పార్క్ కొట్టి అవి నల్లబడతాయి. అక్కడ ఎక్కువై ప్లగ్గు దగ్గర పలచనవుతుంది.

ప్రశ్న వేసినవారు: అయితే ఇలా: ‘పాయింట్లు విడగానే కరెంటు తెగి, ప్లగ్గులో స్పార్క్ కొడుతుంది. తెగడం సరిగా లేకపోతే స్పార్క్ పలచగా ఉంటుంది.’ పాయింట్లు కలిసి ఉండే కాలాన్ని ‘డ్వెల్’ అంటారట, డిస్ట్రిబ్యూటర్ తిరిగే కోణంలో కొలుస్తారట, ‘కలిసుండే కోణం’ అంటే పెళ్లిపుస్తకంలా ఉందండీ, దానికీ ఏదైనా చెప్పండి.