చిన్న లెక్కల పార్సర్‌కి కూడా బైసన్ కావాలా?

గోరువంక: కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, బ్రాకెట్లు. మా కాలిక్యులేటర్ పార్సర్‌కి, అంటే టైప్ చేసిన లెక్కని విడదీసి అర్థం చేసుకునే కోడ్‌కి, ఇంతే. టీమ్‌లో ఒకాయన బైసన్ (రూల్స్ రాసిస్తే పార్సర్ కోడ్ తనే తయారుచేసే టూల్) వాడదామని పట్టుబట్టారు. నేనేమో ఎక్స్‌ప్రెషన్, టర్మ్, ఫ్యాక్టర్ అని మూడు ఫంక్షన్లు చేత్తో రాస్తే పనైపోతుందంటాను. ప్లస్ మైనస్ మొదటిది చూసుకుంటుంది, గుణకారం భాగహారం రెండోది, అంకె గానీ బ్రాకెట్ గానీ వస్తే మూడోది. బ్రాకెట్ తెరిస్తే ఫ్యాక్టర్ మళ్లీ ఎక్స్‌ప్రెషన్‌నే పిలుస్తుంది. దీనికి టూల్ దేనికండీ?

తుమ్మెద_07: 8 - 3 - 2 ఇచ్చి చూశారా? "ఎక్స్‌ప్రెషన్ అంటే ఎక్స్‌ప్రెషన్ మైనస్ టర్మ్" అన్న రూల్‌ని ఉన్నదున్నట్టు కోడ్ చేస్తే, ఒక్క టోకెన్ (అంకె గానీ గుర్తు గానీ) కూడా చదవకుండానే ఆ ఫంక్షన్ తనని తాను పిలుచుకుంటూ పోయి స్టాక్ (ఫంక్షన్ పిలుపుల లెక్క ఉంచే మెమరీ) నిండి క్రాష్ అవుతుంది. సరే అని రూల్‌ని తిరగేసి "టర్మ్ మైనస్ ఎక్స్‌ప్రెషన్" అంటే 8 - (3 - 2) అయి 7 వస్తుంది. రావాల్సింది 3. క్రాష్ అయినా నయమే, కనీసం కంటికి కనిపిస్తుంది. బైసన్‌లో ఎడమవైపు నుంచి అని ఒక్క లైన్ రాస్తే చాలు.

గోరువంక: అక్కడ రికర్షనే (ఫంక్షన్ తనని తాను పిలుచుకోవడం) వద్దు, వైల్ లూప్ పెట్టండి. ఒక టర్మ్ చదివి విలువ దాచుకోవాలి. తర్వాతి టోకెన్ మైనస్ అయినంతసేపూ ఇంకో టర్మ్ చదివి అందులోంచి తీసేస్తూ పోవాలి. 8లోంచి 3 పోతే 5, అందులోంచి 2 పోతే 3.

చివరి_బిట్: నా ఓటు చేత్తో రాయడానికే, కారణం ఎర్రర్ మెసేజ్‌లు. 2 + * 3 అని కొడితే బైసన్ మామూలుగా "సింటాక్స్ ఎర్రర్" అని ఊరుకుంటుంది. మన ఫ్యాక్టర్ ఫంక్షన్ అయితే "5వ అక్షరం దగ్గర అంకె రావాలి, గుణకారం గుర్తు వచ్చింది" అని చెప్పగలదు. జీసీసీ కంపైలర్ కూడా 2004లో 3.4 వెర్షన్‌తో సీ ప్లస్ ప్లస్ పార్సర్‌ని బైసన్ నుంచి చేతిరాతకి మార్చుకుంది కదా.

తుమ్మెద_07: వివరంగా చెప్పమని బైసన్‌కీ సెట్టింగ్ ఉంది. జీసీసీ సంగతంటారా, పైథాన్ 2020లో 3.9కి కొత్త పార్సర్ తెచ్చుకున్నప్పుడు గ్రామర్ ఫైల్ (రూల్స్ రాసిన ఫైల్) నుంచి పార్సర్‌ని జనరేట్ చేసుకునే పద్ధతిలోనే ఉండిపోయింది. నా అసలు గొడవ వేరు. రేపు ఘాతం గుర్తు అడుగుతారు. -2^2 ఎంత? పైథాన్‌లో దాని ఘాతం గుర్తుతో రాస్తే -4, ఎక్సెల్‌లో 4. గ్రామర్ ఫైల్‌లో ఆ నిర్ణయం ఒకచోట కనబడుతుంది. మీ కోడ్‌లో ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుందో వెతుక్కోవాలి.

గోరువంక: వెతకడానికి ఏముంది? మైనస్ ఫంక్షన్ ఘాతం ఫంక్షన్‌ని పిలిస్తే -4, ఘాతమే మైనస్‌ని ముందు పిలిస్తే 4. నాలుగైదు ఫంక్షన్ల ఫైల్‌లో అది దాక్కోలేదు.

చివరి_బిట్: ఆపరేటర్లు పదిహేను దాటాక మాత్రం ఒక్కో లెవెల్‌కి ఒక్కో ఫంక్షన్ రాయడం విసుగే. అప్పుడు ప్రాట్ పద్ధతికి మారండి. ఒకే లూప్, పక్కన ప్రాధాన్యాల పట్టిక. అదీ చేతిరాతే, తుమ్మెద గారూ :)

తుమ్మెద_07: ఆ పట్టికనే కదా నేను గ్రామర్ ఫైల్‌లో పెట్టమంటున్నది!