2008 డెట్రాయిట్ లయన్స్ పదహారుకు పదహారూ ఎలా ఓడింది?

అమెరికన్ ఫుట్‌బాల్ బాగా తెలిసినవారు దయచేసి వివరించగలరా? 2008లో డెట్రాయిట్ లయన్స్ సన్నాహక మ్యాచ్‌లు నాలుగూ గెలిచి, అసలు సీజన్‌లో ఒక్కటీ గెలవలేదు. పదహారు మ్యాచ్‌ల సీజన్‌లో అన్నీ ఓడిన తొలి జట్టు అదే.

నాకు అంతుపట్టని విషయం ఒకటుంది. ఆ ఏడాది లయన్స్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) కాల్విన్ జాన్సన్ 1,331 గజాలు, 12 టచ్‌డౌన్లు సాధించాడు. అంతటి ఆటగాడు ఉండి కూడా ఇలా ఎలా జరిగింది? మిన్నెసోటా చేతిలో 12-10తో ఓడిన మ్యాచ్ చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. లయన్స్ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) డాన్ ఒర్లోవ్‌స్కీ బంతితో తనకు తెలియకుండానే వెనుక గీత దాటాడు. అలా పోయిన రెండు పాయింట్లే చివరికి తేడా. అయినా అతనొక్కడినే నిందించడం అన్యాయం. సీజన్ మొత్తంలో ప్రత్యర్థులకు 517 పాయింట్లు ఇచ్చుకున్న జట్టు అది!

జనరల్ మేనేజర్ మాట్ మిల్లెన్‌ను సెప్టెంబరులోనే తొలగించారు. కోచ్ రాడ్ మారినెల్లీని సీజన్ ముగియగానే పంపించారు. అసలు లోపం ఏళ్ల తరబడి డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) చేసిన ఎంపికలదా, మారినెల్లీ నమ్ముకున్న టాంపా-2 రక్షణ వ్యూహానిదా, కిట్నా, ఒర్లోవ్‌స్కీ, కల్‌పెప్పర్ అంటూ క్వార్టర్‌బ్యాక్‌లు మారుతూ పోవడమా? ఆ సీజన్‌ను వారం వారం చూసినవారు ఉంటే, ఏ రెండు మూడు మ్యాచ్‌లు చూస్తే ఇది అర్థమవుతుందో కూడా చెప్పండి.